ఒక మధ్యాహ్నం, ఏడు సూర్యాస్తమయాలు

లైట్లాయన మధ్యాహ్నం రెండూ పదికి సాయంత్రం మాత్ర వేసుకున్నాడు. సూర్యుడు అస్తమించాడు కాబట్టి వేసుకున్నాడు. సూర్యుణ్ణి దించింది కూడా ఆయనే.

నాటకశాలలో హాలు వెనక, ఇరవై రెండు మెట్ల పైన, అద్దం కిటికీ ఉన్న గది ఆయనది. గదిలో బల్ల, బల్ల మీద నలభై ఎనిమిది మీటలు. ఒక్కో మీట ఒక్కో దీపానిది. పైకి తోస్తే వెలుగు, కిందికి లాగితే చీకటి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని అదే. నాటకంలో వెలుగు మారే ప్రతిచోటికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్ల పుస్తకం రాసేదీ, స్టేజీ పక్కన స్టూలు మీద కూర్చుని మైకులో నంబర్లు పిలిచేదీ, నటులు మాట మర్చిపోతే అందించేదీ ఆయన భార్య. ఆమె మెడలో గొలుసుతోపాటు స్టాప్‌వాచీ ఉంటుంది. అందరూ ఆమెను ప్రాంప్టరమ్మ అంటారు.

"ముప్ఫై ఏడు, సిద్ధం" అంటుంది ఆమె. తర్వాత "కానివ్వండి" అంటుంది. పైగదిలోంచి "కానిచ్చా" అని జవాబు వస్తుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ జవాబు రాని రోజు లేదు. అదే మనిషికి ఇంట్లో గ్యాసు కట్టేయమని మూడుసార్లు చెప్పాలి. మూడోసారి చెప్పాక వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని ఆలోచించి, మంచినీళ్ళు తాగి వచ్చేస్తాడు.

ఎనిమిది నెలల కిందట గుండె డాక్టరు పరీక్షలు చేసి, గుండె నీరసపడిందని, పైగా నిమిషానికి తొంభైకి తగ్గకుండా పరిగెడుతోందని చెప్పి, వేగం తగ్గించే మాత్ర రాశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండితోపాటు. పొద్దుటిది భార్య చేతికిచ్చేది. సాయంత్రం ఆయన పైగదిలో, ఆమె స్టేజీ పక్కన. మొదటి వారంలోనే నాలుగు సాయంత్రాలు మర్చిపోయాడు.

అప్పుడు ఆమెకు ఆలోచన వచ్చింది. చెబితే చేయడు, రాస్తే చేస్తాడు. నంబర్ల పుస్తకంలో, విరామానికి హాల్లో దీపాలు వెలిగే నంబరు కింద, "మాత్ర, బిస్కెట్టు" అని రాసింది. ఎనిమిది నెలలు ఒక్క మాత్ర తప్పలేదు. ప్రాంప్టరమ్మ ఈ సంగతి చుట్టాల్లో అందరికీ చెప్పుకుంది.

పాత నాటకం అయిపోయి కొత్తది వచ్చింది. కొత్తదానికి విరామం లేదు. ఏడూ నలభైకి సూర్యాస్తమయం ఉంది, ముప్ఫై ఏడో నంబరు. ఆమె అక్కడికి మార్చింది: "సూర్యుడి మీట తొంభై సెకన్లలో సున్నాకి. సున్నా అయ్యాక మాత్ర, బిస్కెట్టు."

ఆమె ఒక్క విషయం మర్చిపోయింది. పాత నాటకం దీపాల రిహార్సలు మాత్రలు మొదలుకాక ముందే జరిగింది. దీపాల రిహార్సల్లో దర్శకుడికి తృప్తి కలిగేదాకా ఒకే చోటు మళ్ళీ మళ్ళీ వేస్తారు. దర్శకుడికి తృప్తి అనేది ఎవరూ చూడలేదు.

"సూర్యుడు తొందరపడుతున్నాడు మాస్టారూ" అన్నాడు దర్శకుడు రెండూ పదికి. "ఇంకోసారి."

రెండూ పాతికకు: "ఇప్పుడు బద్ధకిస్తున్నాడు. ఇంకోసారి."

రెండూ నలభై ఐదుకు: "దిగాడు గానీ, దిగాలనిపించి దిగలేదు. ఇంకోసారి."

"సూర్యుడికి అనిపించడమేంట్రా" అన్నాడు వడ్రంగి, స్టేజీ మీద మేడ మెట్లకు మేకు కొడుతూ. అతను ప్రాంప్టరమ్మ తమ్ముడు. అన్నది తనలో తానే గానీ, తనలో తాను అనుకునేటప్పుడు అతని గొంతు చివరి వరుసదాకా వినబడుతుంది.

పైగదిలో లైట్లాయన ప్రతిసారీ మీట సున్నాకి లాగి, చొక్కా జేబులోంచి డబ్బా తీసి, ఒక మాత్ర వేసుకుని, ఒక బిస్కెట్టు తిని, ఒక గుక్క నీళ్ళు తాగాడు. ఇందాకే వేసుకున్నాను కదా అన్న ఆలోచన ఆయనకు రాలేదు. దీపాల బల్ల ముందు ఆలోచిస్తే చెయ్యి ఆలస్యమవుతుందని ఆయన కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

మూడూ ఐదుకు నాలుగో సూర్యుడు దిగాడు. ఆ తర్వాత స్టేజీ మీద దీపాలు ఒక్కసారిగా వెలిగినప్పుడు మేడ అంచున ఉంగరాలు కనిపించాయి. వెండి రంగు వెలుగు ఉంగరాలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ వడ్రంగి నెత్తి మీదికి వెళ్ళి ఆగాయి.

"ఏమోయ్" అన్నాడు ఆయన మైకులో. "మీ తమ్ముడు వెలుగుతున్నాడు."

"నంబర్లు తప్ప మాట్లాడకూడదు" అంది ప్రాంప్టరమ్మ.

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా, వాడిలో ఇంత వెలుగుందని ఎప్పుడూ అనుకోలేదు."

"ముప్ఫై ఏడు, సిద్ధం."

మూడూ ఇరవైకి సూర్యుడు సగం దిగాక దర్శకుడు ఆపించాడు. మూడున్నరకు పూర్తిగా దిగనిచ్చాడు. మూడూ నలభై ఐదుకు మళ్ళీ మధ్యలో ఆపాడు. మూడూ యాభై ఐదుకు దిగనిచ్చాడు. పైగదిలోంచి జవాబులు వస్తూనే ఉన్నాయి. "కానిచ్చా" అనే మాటలో మాత్రం నవ్వు కలుస్తోంది. ఉంగరాలు ఇప్పుడు గుంపులుగా వస్తున్నాయి. నటి చెయ్యి ఎత్తితే వెనక నాలుగు చేతులు ఎత్తుకున్నాయి. ఆ చేతుల చివర రవ్వలు రాలాయి. ముప్ఫై ఏళ్ళలో తాను వెలిగించని దీపాలు తన స్టేజీ మీద వెలగడం ఆయన మొదటిసారి చూశాడు. మొట్టమొదటిసారి మీట తోసిన రోజులా ఉంది ఆయనకు.

నాలుగూ పదిహేనుకు, ఏడో సూర్యుడు దిగాక, హాలంతా వినిపించే స్పీకరులో ఆయన అన్నాడు: "డైరెక్టరు గారూ, అద్భుతం! మీరు చెప్పింది నిజం. ఇంకోసారి వేద్దాం!"

ప్రాంప్టరమ్మ పెన్ను ఆగిపోయింది. ఆయన ఏ దర్శకుణ్ణీ ఎన్నడూ మెచ్చుకోలేదు. పదిహేడుమంది దర్శకులు వచ్చి వెళ్ళారు. అందరినీ ఆయన ఒకే మాట అనేవాడు, అది ఆడవాళ్ళ ముందు అనే మాట కాదు.

"విన్నారా?" అన్నాడు దర్శకుడు అందరివైపూ తిరిగి. "మాస్టారికి అర్థమైంది. ఇంకోసారి!"

"ముప్ఫై ఏడు, సిద్ధం" అంది ఆమె. గొంతు తగ్గింది. "కానివ్వండి."

జవాబు రాలేదు. సూర్యుడు కదల్లేదు.

ఆమె స్టాప్‌వాచీ చూసింది. నాలుగు సెకన్లు. ఐదు. ఆరో సెకనుకు ఆమె స్టూలు మీద లేదు. పుస్తకం చంకలో పెట్టుకుని హాలు దాటి ఇరవై రెండు మెట్లు ఎక్కింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మెట్ల సగంలో అవి గుర్తొచ్చాయి గానీ ఆగలేదు.

లైట్లాయన తల బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహం తెల్లగా పాలిపోయింది, నుదుటి నిండా చెమట. నవ్వుతున్నాడు.

"నీ తల వెనక ఆ దీపం ఎవరు పెట్టారు?" అన్నాడు. "బాగుంది. ఉండనీ."

"ఏమైందండీ మీకు?"

"లేద్దామంటే కాళ్ళు ఒప్పుకోవట్లేదు. బల్ల తిరుగుతోంది. గుండ్రంగా తిరుగుతోందోయ్, భలేగా."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని స్టాప్‌వాచీ నొక్కింది. ఒకటి. తర్వాత ఏమీ లేదు. నాడి ఇంక దొరకదేమో అనుకునేసరికి రెండు. నిమిషం మొత్తం లెక్కపెట్టింది. ముప్ఫై రెండు.

వడ్రంగి సుత్తితోనే పైకి వచ్చాడు. "ఏంటక్కా?"

"నిమిషానికి ముప్ఫై రెండే కొట్టుకుంటోందిరా."

"బావ ఏ పనైనా నిదానంగానే చేస్తాడుగా" అన్నాడు అతను. అక్క మొహం చూసి సుత్తి కింద పెట్టాడు.

బల్ల మీద బిస్కెట్ల పొట్లం ఖాళీగా ఉంది. పక్కన డబ్బా తిరగబడి ఉంది. మాత్రలు లేవు. ఆమె ఆ రెండింటినీ చూసింది. చంకలో పుస్తకం చూసింది.

"ఎన్ని వేసుకున్నారు?"

"నువ్వు రాసిందే చేశా" అన్నాడు ఆయన. "సున్నా అయ్యాక మాత్ర, బిస్కెట్టు. ఒక్కసారి కూడా తప్పలేదు." ఆయన గొంతులో మెప్పు కోసం ఎదురుచూస్తున్న పిల్లాడి ధ్వని ఉంది.

ఆమె ఏడవలేదు. ఏడవడానికి టైము లేదని తర్వాత చెప్పింది.

ఆయన్ను కుర్చీతో సహా దించారు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలన్నారు. ఆసుపత్రి పది నిమిషాల దూరం. వడ్రంగి సామాన్ల వ్యాను తీశాడు. లోపల ప్లైవుడ్డు సూర్యుడు ఉన్నాడు, పాత నాటకంలోవాడు, ఆరడుగుల అడ్డం. దించే తీరిక లేదు. లైట్లాయన్ని సూర్యుడి మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తులో పెట్టారు. దర్శకుడు కూడా ఎక్కాడు. ఎందుకెక్కాడో ఎవరూ అడగలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు.

"నాలుగుసార్లే వేయించాను" అన్నాడు అతను దారిలో. "మహా అయితే ఐదు."

"ఇంకొక్కమాట మాట్లాడితే నిన్ను కూడా దించుతా, ఈసారి తొంభై సెకన్లు కూడా పట్టదు" అన్నాడు వడ్రంగి స్టీరింగు దగ్గరనుంచి.

నాలుగూ యాభైకి ఆసుపత్రి చేరారు. గుండె తీగలు అంటించారు. తెర మీద ముప్ఫై ఒకటి కనిపించింది. రక్తపోటు కాస్త తక్కువగా ఉంది గానీ నిలబడింది. డాక్టరమ్మకు ముప్ఫై ఏళ్ళుంటాయి. మందు డబ్బా చూసి అడిగింది.

"ఎన్ని వేసుకున్నారు పెద్దాయనా?"

"సూర్యుడు ఎన్నిసార్లు అస్తమిస్తే అన్ని."

డాక్టరమ్మ నర్సువైపు చూసింది. నర్సు తన కాగితంలో ఏదో రాసుకుంది.

"ఇవాళ ఎన్నిసార్లు అస్తమించాడు?"

"చాలాసార్లమ్మా. ఈ కుర్రాడికి ఒక పట్టాన నచ్చదు" అని ఆయన దర్శకుణ్ణి చూపించాడు.

డాక్టరమ్మ ప్రాంప్టరమ్మను పక్కకు తీసుకెళ్ళింది. "అమ్మా, అడక్క తప్పదు. ఆయన కావాలని వేసుకోలేదు కదా? ఇంట్లో ఏమైనా గొడవా?"

"గొడవ లేని రోజుంటే చెప్పండి, వెళ్ళి చూసొస్తాం" అన్నాడు వెనకనుంచి వడ్రంగి.

"నువ్వుండరా" అంది ప్రాంప్టరమ్మ. "కావాలని కాదమ్మా. నేను రాశాను, ఆయన చేశారు." జరిగింది చెప్పింది.

"సరే. నాకు రెండు సంగతులు తెలియాలి. ఎన్ని మాత్రలు, చివరిది ఎప్పుడు. గంటలోపైతే ఇంకా కడుపులో ఉన్నదాన్ని కొంత పట్టుకోవచ్చు. ఎవరికైనా గుర్తుందా? ఉజ్జాయింపుగా చెప్పినా చాలు."

"నాలుగు" అన్నాడు దర్శకుడు.

ప్రాంప్టరమ్మ పుస్తకం తెరిచింది. ప్రతి రిహార్సలుకూ మొదలైన టైము, ఆగిన చోటు, పూర్తయిన టైము రాయడం ఆమె ఉద్యోగం. వేలు పెట్టి చదివింది. రెండూ పది, పూర్తి. రెండూ పాతిక, పూర్తి. రెండూ నలభై ఐదు, మూడూ ఐదు, పూర్తి. మూడూ ఇరవై, సగంలో ఆపారు. మూడున్నర, పూర్తి. మూడూ నలభై ఐదు, సగంలో ఆపారు. మూడూ యాభై ఐదు, నాలుగూ పదిహేను, పూర్తి.

"మీట సున్నాకి వస్తేనే మాత్ర అని రాశాను. ఆపినవి రెండూ లెక్కలోకి రావు. ఏడు. పొద్దున ఎనిమిదింటికి నేనిచ్చింది వేరు. చివరిది నాలుగూ పదిహేను, మహా అయితే ఇంకో నిమిషం. బిస్కెట్టు కొరుక్కోవడానికి."

డాక్టరమ్మ పుస్తకం తన చేతిలోకి తీసుకుంది. "మొత్తం ఏడు... ఒక్కోటి ఏడున్నర మిల్లీగ్రాములు. యాభై రెండున్నర." మళ్ళీ పేజీ చూసింది. "మాకు ఇలా రాసుకొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరమ్మా. మా కాగితాల్లో కూడా ఇంత వివరంగా ఉండదు."

"ఆ రాత వల్లేగా ఇక్కడికొచ్చింది" అంది ప్రాంప్టరమ్మ.

"నిజం చెప్పాలంటే" అన్నాడు దర్శకుడు, ఆ పేజీ చూస్తూ, "నాకు మొదటిదే నచ్చింది."

వడ్రంగి అతని భుజం మీద చెయ్యివేసి వరండాలోకి తీసుకెళ్ళాడు.

నల్లటి బొగ్గుపొడి నీళ్ళలో కలిపి తెచ్చారు. లైట్లాయన గ్లాసులోకి చూసి, "పూర్తి చీకటా? ఇది చివరి అంకంలో కదా" అన్నాడు. తాగాడు. పెదాలు నల్లబడ్డాయి.

గుండె వేగం పెంచడానికి ముందు ఒక ఇంజెక్షను ఇచ్చారు. ముప్ఫై మూడుకు వచ్చి మళ్ళీ జారింది. ఈ మందు గుండె తాళం మీదే పనిచేస్తుందని, దీనికి విరుగుడంటూ ప్రత్యేకంగా ఏదీ లేదని, దిగేదాకా గుండెను నిలబెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ మెరుపులు కూడా దీనివల్లేనంది. గుండెలో ఈ మందు పట్టుకునేదానిలాంటిదే కంట్లోనూ ఉంటుంది, వెలుగు ఒక్కసారిగా మారితే అక్కడ మెరుపులొస్తాయి.

"నాటకంలో మారేది అదొక్కటేగా" అన్నాడు లైట్లాయన. కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఐదూ పాతికకు తెర మీద ఇరవై ఏడు కనిపించింది. రక్తపోటు కూడా దిగడం మొదలైంది. ఆయన నవ్వడం మానేశాడు.

"ఏవండీ" అంది ప్రాంప్టరమ్మ. "ఏవండీ, పలకండి."

పలకలేదు. ఆమె ఆయన చెవి దగ్గరకు వంగి, మైకులో అనే గొంతుతో అంది: "ముప్ఫై ఏడు, సిద్ధం."

పెదాలు కదిలాయి. మాట రాలేదు.

డాక్టరమ్మ ఇంకో మందు సెలైనుతో ఎక్కించే యంత్రం తెప్పించింది. "ఇది చుక్క చుక్కగా పెంచుతాను. దీనికీ లొంగకపోతే మెడలోని నరం గుండా లోపలికి తీగ పంపి, బయటి పెట్టెతో కొట్టిస్తాం."

"మాట మర్చిపోతే మేం పక్కనుంచి అందిస్తాం" అంది ప్రాంప్టరమ్మ. "అలాగా?"

"అచ్చం అలాగే."

"అయితే అందించండి. నాకు తెలుసు, అందిస్తే అందుకుంటారు."

డాక్టరమ్మ యంత్రం మీద అంకె పెంచింది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. కాసేపు అక్కడే. మళ్ళీ పెంచింది. ముప్ఫై రెండు. ముప్ఫై ఆరు. తీగ సిద్ధం చేసిన నర్సు దాన్ని చేతిలోనే పట్టుకుని తెరవైపు చూస్తూ నిలబడింది. నలభై ఒకటి.

లైట్లాయన కళ్ళు తెరిచాడు. యంత్రాన్ని చూశాడు, డాక్టరమ్మ వేలిని చూశాడు.

"నిదానంగా ఎత్తమ్మా" అన్నాడు. "ఒక్కసారిగా ఎత్తితే బల్బు పోతుంది."

"నేను చేసేది అదే పెద్దాయనా."

"చెయ్యి బాగుంది. మా దగ్గరికి వస్తే పెట్టుకుంటాం."

ప్రాంప్టరమ్మ అప్పుడు కూర్చుంది. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది. నర్సు కుర్చీ జరిపింది కాబట్టి సరిపోయింది.

"కాస్త తిప్పలు పెట్టారు తాతగారూ" అంది నర్సు తీగను తిరిగి పళ్ళెంలో పెడుతూ.

"ఎవరికి తాత?" అన్నాడు ఆయన.

తెర నలభై ఏడు చూపించింది. "ఇంకోసారి అనమ్మా" అన్నాడు వడ్రంగి గుమ్మంలోంచి. "ఆ మాటకి ఆరు పెరిగింది."

ఆరింటికి యాభై రెండు నిలకడగా ఉంది. రేపు మధ్యాహ్నం దాకా తీగల మీదే ఉంచాలని, నాటకం మాట తర్వాతని డాక్టరమ్మ చెప్పింది. మొదటి ప్రదర్శన నాలుగు రోజులు వాయిదా వేస్తానని దర్శకుడు అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు. లైట్లాయన దుప్పటి కింద కాళ్ళు ఆడిస్తూ, ఉంగరాలు ఎటునుంచి ఎటు వెళ్ళాయో, నటికి ఎన్ని చేతులు మొలిచాయో చెబుతున్నాడు. దర్శకుడు చెవులు రిక్కించి వింటున్నాడు.

"ఆ రవ్వలు మనం పెట్టలేమా మాస్టారూ?"

"పెట్టొచ్చు. ప్రేక్షకులందరికీ తలా ఏడు మాత్రలు."

ప్రాంప్టరమ్మ నవ్వింది. మధ్యాహ్నం నుంచి పట్టుకున్నదంతా ఆ నవ్వులో జారిపోయింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

వార్డు కిటికీ పడమటివైపుది. ఆరూ పన్నెండుకు ఎదుటి భవనం వెనక సూర్యుడు కిందికి జరిగాడు. ఎవరూ గమనించలేదు, ఒక్క లైట్లాయన తప్ప. అంచు మునిగేదాకా చూశాడు. చివరి గీత పోయింది.

ఆయన కుడి చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. ఆసుపత్రి చొక్కాకు జేబు లేదు. చెయ్యి జేబు కోసం తడిమి, ఛాతీకి అంటించిన తీగను దొరకబుచ్చుకుని లాగింది.

తెర మీద గీత అడ్డంగా పడుకుంది. యంత్రం కూత పెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది, డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది, పక్క మంచం రోగి లేచి కూర్చున్నాడు, దర్శకుడు కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుని కిందికి జారాడు. వడ్రంగి "బావా!" అని అరిచిన అరుపుకు వరండా చివర ఎవరిదో బిడ్డ ఏడుపందుకుంది.

"ఏంటి?" అన్నాడు లైట్లాయన, తీగ చేతిలో పట్టుకుని, అందరినీ చూస్తూ. "బిస్కెట్టు లేదా?"

తీగ మళ్ళీ అంటించారు. యాభై ఎనిమిది. దర్శకుడికి మంచినీళ్ళు ఇచ్చారు. అతని నాడి కూడా చూశారు, నూట ఇరవై. "మీ ఇద్దరిదీ కలిపి సగం చేస్తే సరిగ్గా వస్తుంది" అంది నర్సు.

అందరూ వెళ్ళాక ప్రాంప్టరమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముప్ఫై ఏడో నంబరు తీసింది. "మాత్ర, బిస్కెట్టు" కొట్టేసింది. చివరి పేజీకి వెళ్ళింది. తొంభై ఒకటో నంబరు: "పైగదికి తాళం." అది రిహార్సల్లోనైనా, ప్రదర్శనలోనైనా రోజుకు ఒక్కసారే. దాని కింద "మాత్ర" అని రాసింది. కాసేపు చూసింది.

"ఏవండీ, తాళం వేశాక ఎన్నిసార్లు లాగి చూస్తారు?"

"మూడు" అన్నాడు ఆయన. "ఒక్కోసారి మెట్లు దిగాక అనుమానమొస్తుంది. మళ్ళీ ఎక్కుతా."

ఆమె అది కూడా కొట్టేసింది. మాత్రల డబ్బా తన చేతిసంచిలో వేసుకుని, జిప్పు పెట్టింది.